గంగులప్ప ఇత్తడి రింగు

శనివారం మధ్యాహ్నం ట్రైనింగు షెడ్డుకు తాళం పడగానే గంగులప్ప సంచి భుజాన వేసుకుని కుప్పం బస్టాండుకు నడిచేవాడు. అక్కడ ఎక్కితే వి.కోట, అక్కడ దిగి ఇంకోటి ఎక్కితే పలమనేరు, అక్కడ మూడోది పట్టుకుంటే పుంగనూరు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. సోమవారం తెల్లారకముందే లేచి మళ్ళీ అదే దారి. మూడు బస్సుల్లో ఒక్కదాంట్లో సీటు దొరికినా ఆ రోజు బాగున్నట్టే లెక్క. రెండేళ్ళుగా ఇదే బతుకు. నలభై ఎనిమిదేళ్ళకే నడుము పట్టేసింది, మోకాళ్ళు మాట వినడం మానేశాయి. "ఈ వయసులో నీకి యాలప్పా ఈ తిరుగుడు?" అని పుంగనూరులో అడగని మనిషి లేడు.

"నలబై మంది పిల్లోళ్ళు ఉండారప్పా ఆడ" అనేవాడు గంగులప్ప. అంతకు మించి చెప్పే ఓపిక ఉండేది కాదు.

చెప్పాలంటే చాలానే ఉంది. కుప్పం దాటి రామకుప్పం వెళ్ళే దారిలో వ్యవసాయపు మోటార్లు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. తయారుచేసే కంపెనీ అనడం కూడా మర్యాదకే. మోటారు నమూనా పరాయి దేశానిది, లోపల తిరిగే షాఫ్టులు కోయంబత్తూరువి, పనివాళ్ళు హోసూరు నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ జరిగేదల్లా బిగించడం, రంగు కొట్టడం, పైన పేరు అతికించడం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు దొరికిన ఉద్యోగాలు గేటు దగ్గరా, చీపురు దగ్గరా. 1996లో ఆ కంపెనీ యజమానికి ఏమనిపించిందో ఏమో, ఇక మీదట మోటారు బొమ్మ గీసేదీ ఇక్కడే, షాఫ్టు కోసేదీ ఇక్కడే, చేసేవాళ్ళూ ఇక్కడి పిల్లలే అన్నాడు. అని ఊరుకోలేదు, డబ్బు పెట్టాడు. ఇంజనీర్లకు ఒక హాలు కట్టించాడు. ఇనుమును తిప్పుతూ కోసే లేత్ మిషన్లు ఎనిమిది పెట్టి ట్రైనింగు షెడ్డు వేయించాడు. పది పాసై ఇంట్లో కూర్చున్న నలభై మందిని పల్లెల నుంచి ఏరి తెచ్చి, నెలనెలా ఇంత చేతిలో పెట్టి, రెండేళ్ళు పని నేర్పించే ఏర్పాటు చేశాడు. షరతు ఒకటే. రెండేళ్ళయ్యాక, కుప్పంలోనే గీసిన మొట్టమొదటి మోటారుకు ఈ నలభై మందీ కలిసి రెండు వందల షాఫ్టులు కోసి ఇవ్వాలి. అవి పనికొస్తే నలభై మందికీ ఉద్యోగాలు. పనికి రాకపోతే మళ్ళీ హోసూరు మనుషులే.

నేర్పేవాడి కోసం వెతుక్కుంటూ ఆ కంపెనీ మేనేజరు సుబ్బరాయుడు పుంగనూరు వచ్చాడు. గంగులప్పది మదనపల్లె రోడ్డులో రేకుల కొట్టు, అందులో ఒక పాత లేత్. కాలిపోయిన మోటార్లు, అరిగిపోయిన పంపులు రైతులు బండ్ల మీద వేసుకొచ్చి అక్కడ దించేవాళ్ళు. గంగులప్ప చదివింది ఏడో తరగతి. సుబ్బరాయుడు అరగంట సేపు నిలబడి ఆ చేతుల్నే చూశాడు తప్ప సర్టిఫికెట్టు మాట ఎత్తలేదు. "మీ చెయ్యి ఆ పిల్లోళ్ళకు రావాలప్పా, అంతే" అన్నాడు. గంగులప్ప భార్య వరలక్ష్మి వద్దంది. రాకపోకలకే మనిషి సగమైపోతాడని ఆమె భయం, ఆమె అన్నట్టే అయ్యింది కూడా. కానీ జన్మానికొకసారి ఎవరో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి నీ పనితనం కావాలన్నారు. ఆ మాటకు గంగులప్ప పడిపోయాడు.

కుప్పానికి తనతో తీసుకెళ్ళిన పనిముట్టు ఒక్కటే, ఇత్తడి రింగు. పద్నాలుగో ఏట మదనపల్లెలో, పట్టు తీసే మిషన్లు బాగుచేసే నారాయణప్ప దగ్గర చేరి పదేళ్ళు పని నేర్చుకున్నాడు. 1974లో సొంత కొట్టు పెట్టుకుంటున్నప్పుడు గురువు తన చేత్తో చేసి ఇచ్చిన రింగు అది. నడిమి రంధ్రం సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లు. బెంగళూరులో ఎవరిదో జర్మనీ పరికరం పెట్టి మరీ సరిచూయించానని, దీన్ని నమ్ముకుంటే ఇంకేదీ చూడక్కర్లేదని నారాయణప్ప చెప్పాడు. ఇరవై మిల్లీమీటర్ల షాఫ్టు కోసినప్పుడల్లా దాన్ని రింగులో దూర్చి చూడాలి. అటూ ఇటూ ఊగకుండా, నూనె రాసిన వేలికి ఉంగరం ఎక్కినట్టు మెత్తగా జారితే కొలత కుదిరినట్టు. ఇరవై నాలుగేళ్ళుగా గంగులప్పకు ఆ రింగు చెప్పిందే కొలత.

ఏటా దానికొక పండగ. ఆయుధపూజకు ముందురోజు వరలక్ష్మి కొట్టుకు వచ్చి పనిముట్లన్నీ తుడిచి, రింగును మాత్రం కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది. గురువుగారి వస్తువు గదా, దాని మర్యాద వేరు. చింతపండు, మెత్తటి ఇటుకపొడి కలిపి తోమేది. పైపైన తోమితే ఆమెకు తృప్తి లేదు. పుల్లకు గుడ్డ చుట్టి లోపలి రంధ్రం కూడా బంగారంలా మెరిసేదాకా రుద్దేది. కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి లేత్ మీద కూర్చోబెట్టేది. గంగులప్ప కుప్పం వెళ్ళాక కూడా ఆ పద్ధతి తప్పలేదు. దసరాకు రింగు జేబులో వచ్చేది, తళతళలాడుతూ తిరిగి వెళ్ళేది.

షెడ్డుకు కంపెనీ వెంట్రుకవాసి తేడా కూడా పట్టే మైక్రోమీటర్లు రెండు కొనిచ్చింది, షాఫ్టు కొలిచేదొకటి, రంధ్రం కొలిచేదొకటి. నలభై మందికి రెండు. అవి సుబ్బరాయుడి బీరువాలో ఉండేవి, కావాలంటే సంతకం పెట్టి తీసుకోవాలి. గంగులప్ప అడిగి తీసుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "అంకెలు మళ్ళా సూద్దురు గానీ, ముందు సెయ్యి కుదరాల" అనేవాడు పిల్లలతో. ప్రతి షాఫ్టునూ రింగులో దూర్చి చూపించమనేవాడు. అది కొంచెం బిగిసినా మళ్ళీ కోయించేవాడు, కొంచెం వదులైనా పక్కన పారేయించేవాడు. తిట్టేవాడు గానీ చెయ్యి ఎత్తేవాడు కాదు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నాగేంద్ర. వాడికి తొందర, ఎప్పుడూ రవంత ఎక్కువే కోసేసేవాడు. వాడి షాఫ్టు రింగులో లడలడలాడేది.

1998 దసరా అయిన పదో రోజుకు రెండు వందల షాఫ్టులూ పూర్తయ్యాయి. మనిషికి అయిదు. ఒక్కొక్కటీ రింగులో దూరి, గంగులప్ప చేత అవుననిపించుకునే పెట్టెలోకి వెళ్ళింది. ఒక్క నాగేంద్రవి అయిదూ వదులే, కానీ మళ్ళీ కోయించడానికి టైము లేక గొణుక్కుంటూ వేయించాడు. పెట్టెలు కంపెనీలోకి వెళ్ళిన రెండు రోజులకు, శనివారం నాడు, సుబ్బరాయుడు పిలిపించాడు.

"కూర్చోండి గంగులప్పా" అన్నాడు. అలా కూర్చోమనడంలోనే గంగులప్పకు సంగతి సగం తెలిసిపోయింది. "రెండు వందల్లో అయిదే పాసయినాయి."

"ఏంది సార్?"

"అయిదే. మిగతావన్నీ లావు. వాటి మీదికి బేరింగు ఎక్కేదే లేదు. కొట్టి ఎక్కిస్తే బిగుసుకోని పోతాండాది. అట్లే బిగించి అమ్మితే వేడెక్కి మూణ్ణెల్లకే కాలిపోతాది మోటారు."

"బేరింగులే ఇరుకు సార్" అన్నాడు గంగులప్ప గట్టిగా. "పదేండ్ల నుంచీ సూస్తాండాను. ముందు మాదిరి యాడ సేస్తాండారు? నా కొట్లో గూడా ఎప్పుడూ సుత్తితో రెండు దెబ్బలు ఏసే ఎక్కించేది."

సుబ్బరాయుడు తల అడ్డంగా ఊపాడు. "బేరింగులు సరిగ్గానే ఉండాయి. లావుగా ఉండేదాన్ని మళ్ళా అరగదీసుకోవచ్చు, నా బాధ అది గాదు. నలబై మందికీ కొలత సేతగాదని తేలిపాయె గదా. సోమవారం యజమాని వస్తాండాడు, హోసూరు మనుషుల లిస్టు తయారుగా ఉండాది. మీకేం భయం లేదులే. తప్పు పిల్లోళ్ళది. వచ్చే నెల కొత్త బ్యాచి పెడదాం, మీరే నేర్పుదురు."

మీకేం భయం లేదు అన్నప్పుడు గంగులప్ప గుండెలో బరువు ఒక్క క్షణం తేలికపడింది. అలా తేలికపడినందుకు తరువాత చాలా ఏళ్ళు తనను తాను తిట్టుకున్నాడు.

షెడ్డు బయట పిల్లలు కూర్చుని ఉన్నారు. కబురు అప్పటికే పాకింది. క్యారియర్లు ఎవరూ విప్పలేదు. ఒకడు మట్టిలో పుల్లతో గీతలు గీస్తున్నాడు. గంగులప్ప వాళ్ళ మొహాలు చూడలేక లోపలికి పోయాడు. లోపల కుసుమ ఒక్కతే ఉంది. రామకుప్పం పక్క పల్లె పిల్ల. వాళ్ళ రాగి చేనును రెండేళ్ళు వరసగా ఏనుగులు తొక్కేస్తే, ఆ ఇల్లు ఈ పిల్లకు వచ్చే డబ్బుతోనే నడిచింది. ఆమె చేతిలో మైక్రోమీటరు ఉంది. ముందర ఇత్తడి రింగు ఉంది.

"సార్, ఒక మాట సెప్తా, కోపం జెయ్యొద్దు."

"సెప్పు."

"నలబై మందిమి తప్పు జేసింటే తలా ఒక రకంగా జేసిందుము గదా. ఒకరిది లావు, ఒకరిది సన్నం. ఈడ నూటతొంబై అయిదూ ఒకే లెక్కన లావు. పాసయిన అయిదూ ఎవురివో తెలుసునా? నాగేంద్రవి."

గంగులప్ప రింగు చేతిలోకి తీసుకున్నాడు.

"వాని షాఫ్టు రింగులో ఊగతాదని మీరు తిడ్తాండిరే, అదే సరైన కొలత సార్. నేను రింగు లోపల కొలిచి సూస్తి. ఇరవై గాదు. మిల్లీమీటరును నూరు బాగాలు జేస్తే, అట్లాటివి మూడు ఎక్కువ ఉండాది."

నూరో వంతులు మూడు. తల వెంట్రుకను నిలువునా చీలిస్తే అందులో ఒక ముక్కంత కూడా ఉండదు. గంగులప్ప పరికరం తీసుకుని మూడుసార్లు కొలిచాడు. తన చేతిని నమ్మలేక నాలుగోసారి కుసుమ చేతే కొలిపించాడు. మూడే వచ్చింది.

"నేను యెవురికీ సెప్పలేదు సార్" అంది కుసుమ మెల్లగా. "మీరు సెప్పొద్దంటే సెప్పను."

ఆ పిల్ల ఉద్యోగం పోతోంది. ఆ ఇంటి కూడు పోతోంది. ఆ మాట ఎలా అనగలిగిందో గంగులప్పకు అర్థం కాలేదు. రింగు జేబులో వేసుకుని బస్టాండుకు నడిచాడు.

ఆ రోజు మూడు బస్సుల్లోనూ సీటు దొరికింది. కూర్చోవడం మాత్రం చేతకాలేదు. రింగు ఎలా పెద్దదైంది? షాఫ్టులు దూరి దూరి అరిగిందా? షాఫ్టు మెత్తగా జారేదే, దానికి అంత అరుగుతుందా? పలమనేరు దాటాక వేరే సంగతి గుర్తొచ్చింది. బేరింగులు ఇరుకు, బేరింగులు ఇరుకు అని పదేళ్ళుగా తను అంటున్నాడు. అంటే పదేళ్ళుగా తను కోసిన ప్రతి షాఫ్టూ లావే. సుత్తితో కొట్టి ఎక్కించిన ప్రతి బేరింగూ వేడెక్కి చచ్చినదే.

నిమ్మనపల్లె కృష్ణప్ప గుర్తొచ్చాడు. 1995 ఎండాకాలంలో రెండెకరాల టమాట కాపు మీద ఉండగా అతని మోటారు కాలింది. గంగులప్ప బాగుచేసిచ్చాడు. నెలన్నరకు మళ్ళీ కాలింది, మళ్ళీ చేసిచ్చాడు. మూడోసారి కాలేసరికి చేనంతా నిలువునా ఎండిపోయింది. అప్పుడు తనేమన్నాడు? "బావిలో నీళ్ళు ల్యాకుండా మోటారు ఏస్తే కాలక ఏమౌతాది కృష్ణప్పా" అని కసురుకున్నాడు. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సేద్యం వదిలేసి మదనపల్లె టమాట మార్కెట్టులో బాక్సులు మోసే పనిలో చేరాడని విన్నాడు. బస్సు కిటికీ పట్టుకుని గంగులప్ప కళ్ళు మూసుకున్నాడు. ఎంత సేపు మూసుకున్నా ఆ దించిన తలే కనబడింది.

ఇంటికి చేరి, చెంబుడు నీళ్ళు తాగి, జేబులోంచి రింగు తీశాడు.

"ఏమ్మే, దీన్ని నువ్వు ఎట్ల తోమేది?"

వరలక్ష్మి మొహం వెలిగింది. పాతికేళ్ళ కాపురంలో ఆయన తన పని గురించి అడిగింది అదే మొదటిసారి. "ఏమబ్బా, ఈ పొద్దు కొత్తగా అడగతాండావు? సూడు" అని పుల్ల తెచ్చింది, గుడ్డ చుట్టింది, ఇటుకపొడి అద్దింది. రంధ్రంలో దూర్చి రెండు చేతులా రుద్ది చూపించింది. "పైన యెవురైనా తోమతారు. మీ గురువు ఇచ్చిండేది గదా, అందుకే లోపల అరగంట రుద్దతా. నల్లగా ఒక్క సుక్క గూడా ఉండనియ్యను. ఒక్క సమచ్చరం గూడా తప్పలేదు సూడు."

గంగులప్ప ఆమె చేతుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఇరవై నాలుగు దసరాలు. ఇటుకపొడితో, భక్తితో. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. ఈమెకు చెప్పడం కంటే తను నూతిలో పడడం తేలిక అనిపించింది. "బాగా తోమినావుమ్మే" అన్నాడు.

సోమవారం సుబ్బరాయుడి గదిలో యజమాని కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా పెద్దమనిషి. ముందర రెండు వందల షాఫ్టుల కాగితం, పక్కన హోసూరు లిస్టు. గంగులప్ప పిలవకుండానే లోపలికి పోయి రింగును బల్ల మీద పెట్టాడు.

"సార్, తప్పు పిల్లోళ్ళది గాదు, నాది. ఈ రింగు అరిగిపోయింది. నేను సూసుకోలేదు. దీంట్లో సరిపొయ్యేటట్టు కొయ్యమని నేనే సెప్పినా. వాళ్ళు నేను సెప్పినట్టే సేసినారు."

సుబ్బరాయుడు ఊరుకోమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. గంగులప్ప ఊరుకోలేదు. జీవితంలో అంత పెద్ద మనిషి ముందు అన్ని మాటలు ఆయన అంతకు ముందు మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు.

"ఒక్కటి సూడండి సార్. ముప్పైతొమ్మిది మంది, నూటతొంబై అయిదు షాఫ్టులు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ల్యాకుండా సేసినారు. రింగు తప్పు, సేతులు తప్పు గాదు. సరైన రింగు ఇచ్చి సూడండి. అప్పుడు గూడా తప్పితే నన్నూ వాళ్ళనీ కలిపి పంపించేయండి."

యజమాని రింగును వేలికి తొడిగి చూసి, కాగితంలోని అంకెల్ని పై నుంచి కింది దాకా చాలా సేపు చదివాడు. తర్వాత బీరువాలోంచి రెండు మైక్రోమీటర్లూ తీయించి షెడ్డుకు పంపాడు. కొత్త స్టీలు రింగు ఒకటి బెంగళూరు నుంచి తెప్పించాడు. వారం గడువు ఇచ్చాడు. నలభై మందీ ఇంటికి పోకుండా షెడ్డులోనే వండుకుని తిని ఇంకో రెండు వందలు కోశారు. నూటతొంభై ఒకటి పాసయ్యాయి. ఫెయిలైన వాటిలో నాగేంద్రవి మూడు. కొత్త రింగులోనూ రవంత ఎక్కువే కోశాడు మహానుభావుడు. అయినా అందరితో పాటు వాడికీ ఉద్యోగం ఇచ్చారు.

గంగులప్పకు మాత్రం లేదు. యజమాని కోప్పడలేదు. సర్టిఫికెట్టు ఉన్న మాస్టరును పెట్టుకుంటామని, గంగులప్ప కావాలంటే స్టోరు గదిలో ఉండొచ్చని అన్నాడు. ఆ మాటలో అన్యాయం ఏమీ లేదని గంగులప్పకు తెలుసు. కానీ స్టోరు గదిలో కూర్చుని నట్లు లెక్కపెట్టడానికి మూడు బస్సులు మారే శక్తి ఆయనలో మిగల్లేదు. రింగు షెడ్డులోనే వదిలేసి వచ్చేశాడు. ఇంట్లో అడిగితే, కంపెనీవాళ్ళు ఉంచుకున్నారన్నాడు.

తర్వాత ఏడేళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే. ఒక మైక్రోమీటరు కొన్నాడు. కొట్టుకు వచ్చిన ప్రతి పాత మోటారునూ విప్పి, తను కోసిన షాఫ్టు కనబడితే తీసి పారేసి, కొత్తది కోసి బిగించాడు. దానికి మజూరీ తీసుకోలేదు. వచ్చేవి వస్తున్నాయి, రానివాటి కోసం బస్సెక్కి పల్లెలకు పోయాడు. యాల సేస్తాండావప్పా అని రైతులు అడిగితే, పాతది బాగలేదులే అనేవాడు. ఎన్ని మార్చినా ఇంకెక్కడో ఒకటి తిరుగుతూనే ఉండేది. ఒక్క కృష్ణప్ప దగ్గరికి మాత్రం వెళ్ళలేకపోయాడు. అతని దగ్గర మార్చడానికి మోటారు లేదు, చేను లేదు. మదనపల్లె మార్కెట్టులో రెండుసార్లు అతను కనబడ్డాడు. రెండుసార్లూ గంగులప్ప పక్క సందులోకి తిరిగిపోయాడు. ఆ రోజుల్లో ఆయన అలసట నిద్రతో తీరేది కాదు.

2005 ఆయుధపూజకు ముందురోజు కుసుమ వచ్చింది. ఇప్పుడు షెడ్డులో పాఠం చెప్పేది ఆమే. కంపెనీ ఆమెను మధ్యలో మూడేళ్ళు పాలిటెక్నిక్కు పంపి చదివించింది. సంచిలోంచి స్టీలు రింగు తీసి గంగులప్ప చేతిలో పెట్టింది. మీద ఇరవై అని అంకె చెక్కి ఉంది.

"మా పిల్లోళ్ళు జేసింది సార్. నేనే కొలిస్తి, సరిగ్గా ఉండాది."

వరలక్ష్మి సంబరంగా రింగు అందుకుని, పండగ గదా, చింతపండు నానేసింది. ఇటుకపొడి డబ్బా దించింది.

"అమ్మా, దాన్ని తోమొద్దమ్మా" అంది కుసుమ గబుక్కున. "పాత రింగు మా అద్దాల బీరువాలో ఉండాది, లోపల తోమిన గీతలు ఇంకా కనపడతాండాయి. కొత్త బ్యాచి రాంగానే ముందు దాన్నే సూపిస్తా. ఎంత మంచి వస్తువైనా తోమి తోమి..." అంటూ గంగులప్ప మొహం చూసి ఆగిపోయింది.

వరలక్ష్మి చెయ్యి చింతపండులోనే ఉంది. కుసుమ వైపు చూసింది, భర్త వైపు చూసింది.

"నేను తోమినందుకా?" అంది.

గంగులప్ప తల దించుకున్నాడు. "నువ్వేం జేస్తావుమ్మే. కొలిచి సూసుకోవాల్సింది నేను."

వరలక్ష్మి చింతపండు చేత్తోనే కుసుమను గడప దాకా సాగనంపింది. తర్వాత అంతా చెప్పించుకుంది. షాఫ్టులు, పిల్లలు, కాలిన మోటార్లు, కృష్ణప్ప చేను.

"ఏడేండ్లూ ఒక్కడివే మోసినావా?" అంది చివరికి. "పండగ అయినంక మదనపల్లెకి పోదాం. కృష్ణప్పకి నేను గూడా సెప్పాల." చెయ్యి కడుక్కుని, స్టీలు రింగుకు పైన మాత్రం బొట్టు పెట్టింది.

మార్కెట్టులో కృష్ణప్ప లారీకి టమాట బాక్సులు ఎక్కిస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. గంగులప్ప చెప్పాడు. చేను ఎండిన సంగతికి వచ్చి ఆయన ఆగితే మిగతాది వరలక్ష్మి చెప్పింది. కృష్ణప్ప తల మీది చుట్టగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"అట్లయితే నీళ్ళు ల్యాకుండా ఏసి కాల్చుకుంది నేను గాదా?"

"నువ్వు గాదు కృష్ణప్పా."

"మా ఇంట్లో ఈ పొద్దుకీ అదే మాటంటారు, నేనే కాల్చినానని" అన్నాడు. అంతకంటే పెద్ద కోపమేదో వస్తుందని గంగులప్ప నిలబడ్డాడు. రాలేదు. అతనికీ ఓపిక లేదు. లారీవాడు కేకేస్తే ఇంకో బాక్సు ఎత్తి లోపల పెట్టి మళ్ళీ వచ్చాడు.

"నువ్వు నేర్పిన పిల్లోళ్ళకు పనులు దొరికినాయా?"

"దొరికినాయి. నలబై మందికీ."

"మా బిడ్డ ఉషారాణి పది పాసయి ఇంట్లోనే ఉండాది. ఆ షెడ్డులో సీటు ఇప్పిస్తావా?"

గంగులప్ప తలూపాడు. ఆ సోమవారం తెల్లారకముందే లేచి, ఉషారాణి మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏడేళ్ళ తర్వాత కుప్పానికి బయల్దేరాడు. పలమనేరులో దిగి ఒకటి, వి.కోటలో దిగి ఒకటి. మూడు బస్సుల్లోనూ సీటు దొరకలేదు.